మా మావయ్యకో రేటు, నాకో రేటు: ఆన్‌లైన్ దుకాణాల వారికి బహిరంగ లేఖ

ఆన్‌లైన్ దుకాణాలు నడుపుతున్న పెద్దలకు, ఆ దుకాణాల పేజీలు రాసే నా తోటి డెవలపర్లకు,

నమస్కారం.

సంక్రాంతి వెళ్లిన మర్నాడు తెనాలిలో మా మావయ్య షాపులో కూర్చున్నాను. డీటీపీ, జిరాక్స్, ల్యామినేషన్ చేసే చిన్న షాపు. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి కదా, శుభలేఖల పని వరసగా వచ్చిపడింది. ప్రింటర్‌లో టోనర్ అయిపోవచ్చింది. మావయ్య షాపు కంప్యూటర్లోనే ఒక ఆన్‌లైన్ దుకాణం తెరిచి టోనర్ వెతికాడు. 1,460 రూపాయలు. "ఉండు మావయ్యా, నేనూ చూస్తా" అని నా ఫోన్‌లో ఆ దుకాణం యాప్ తెరిచాను. అదే టోనర్, అదే అమ్మకందారు, అదే పిన్‌కోడ్. 1,310.

మావయ్య కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ రెండుసార్లు చూశాడు. "ఏరా, అమ్మేవాడు ఒకడే కదా? మరి నీకో రేటూ నాకో రేటూ ఏంట్రా?" అన్నాడు. యాప్‌లో అయితే తగ్గింపు ఉంటుందని చెప్పాను. "అయితే నా ఫోన్లో కూడా ఎక్కించు" అని ఇచ్చాడు. 2016లో కొన్న ఫోన్ అది. ఆండ్రాయిడ్ 5. మీ ఫోన్‌కి ఈ యాప్ పనికిరాదని ప్లే స్టోర్ చెప్పేసింది. చివరికి నా ఫోన్ నుంచే ఆర్డర్ పెట్టాను. ఆయన గల్లాపెట్టె తీసి 1,310 లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. పెడుతూ, "నువ్వు ఊళ్లో లేకపోతే నూట యాభై పోయేదన్నమాట" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వానొస్తే తడుస్తాం అన్నంత మామూలుగా అన్నాడు. ఈ లేఖ రాయడానికి కారణం ఆ మాటే.

ఆ నూట యాభైకి మీరు పాత బ్రౌజర్ రుసుము, అంటే పాత సాఫ్ట్‌వేర్‌తో సైటు తెరిచినందుకు అదనపు చార్జీ, అని పేరు పెట్టలేదు. యాప్ తగ్గింపు అన్నారు. కానీ పాత కంప్యూటర్, పాత ఫోన్ తప్ప ఇంకోటి లేని మనిషికి రెండూ ఒకటే. పాత పనిముట్టుతో వచ్చినందుకు ఎక్కువ కడుతున్నాడు.

పేరు పెట్టి మరీ ఈ రుసుము వేసిన దుకాణం ఒకటి ఉంది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆస్ట్రేలియాలో కోగన్. రస్లాన్ కోగన్ 2006లో మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టిన కంపెనీ, టీవీలు, ఎలక్ట్రానిక్ సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. మైక్రోసాఫ్ట్ వారి పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7తో వచ్చి కొనేవాళ్ల బిల్లుకి 6.8 శాతం కలుపుతామని 2012 జూన్‌లో ప్రకటించింది. ఆ బ్రౌజర్ విడుదలైంది 2006 అక్టోబర్‌లో. అప్పటికి 68 నెలలు. నెలకి 0.1 శాతం చొప్పున లెక్క కట్టారు. పది వేల వస్తువు మీద 680 అన్నమాట.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక చిన్న వెబ్ డిజైన్ ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఆ వార్త చదివి ఆఫీసంతా పండగ చేసుకున్నాం. ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తీరుగా నిలబడిన పేజీ ఆ ఏడో వెర్షన్‌లో తెరిస్తే, పక్కపక్కన ఉండాల్సిన మూడు పెట్టెలు మెట్లలాగా ఒకదాని కింద ఒకటి దిగిపోయేవి. పక్కపక్కన నిలబడమని 'ఇన్‌లైన్ బ్లాక్' అని రాస్తే డివ్‌ల, అంటే పేజీలోని పెట్టెల, విషయంలో దానికి అర్థమయ్యేది కాదు. దాని ఒక్కదాని కోసం నక్షత్రం గుర్తు పెట్టి 'డిస్‌ప్లే ఇన్‌లైన్' అని ఒక లైను, పక్కనే 'జూమ్ 1' అని ఇంకో లైను రాసేవాళ్లం. ఒక చోట సరిచేస్తే ఇంకో చోట జారేది. క్లయింట్ సోమవారం పొద్దున్న చూస్తానంటే ఆదివారం రాత్రంతా ఆ పనికే పోయేది. మిగతా బ్రౌజర్లన్నిటికీ కలిపి పట్టేంత సమయం ఆ ఒక్కదానికే పడుతోందని కోగన్ చెప్పుకున్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. నా చేతులతో చేసిన పని కాబట్టి చెబుతున్నాను.

కాబట్టి డెవలపర్ల కష్టం తెలియక రాస్తున్న లేఖ కాదిది.

ఆ వార్త వచ్చిన కొన్నాళ్లకి ఒక సహకార బ్యాంకు పని మీద వాళ్ల బ్రాంచికి వెళ్లాను. కౌంటర్ వెనక ఒక క్లర్కు ఉండేవారు, పదవీ విరమణకి దగ్గర పడ్డ మనిషి. ఆవిడ మెషీన్లో అదే ఏడో వెర్షన్. "మేడమ్, క్రోమ్ ఎక్కించుకోండి, ఉచితమే" అన్నాను. "బాబూ, ఇందులో ఏదీ ఎక్కించడానికి మాకు పర్మిషన్ లేదు. మా లోపలి సాఫ్ట్‌వేర్ ఇందులో తప్ప తెరుచుకోదు" అన్నారు. మనవడికి పుట్టినరోజు బట్టలు కొనాలన్నా భోజనాల వేళ ఆ కంప్యూటరే ఆవిడకి దిక్కు. ఆవిడ బ్రౌజర్‌ని ఎంచుకోలేదు. హెడ్డాఫీసు ఎంచుకుంది. రుసుము మాత్రం ఆవిడ చీర కొంగు ముడిలోంచి పోతుంది. ఆ రోజు నుంచి కోగన్ ఆలోచన నాకు వేరేగా కనబడింది.

మావయ్య సంగతీ అంతే. ఆయన షాపులో ఉన్నది విండోస్ 7. దానిమీద క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాలి. కొత్త మెషీన్ కొనుక్కోవచ్చు కదా అని మీరు అంటారు. నేనూ అన్నాను. అప్పుడు ఆయన పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ తెరిచి ఒక శుభలేఖ చూపించాడు. తెలుగు అచ్చు పని చేసే ఎవరినైనా అడగండి, పేజ్‌మేకర్, 'అను' అనే తెలుగు ఫాంట్లు అంటే ఏమిటో చెబుతారు. ఏ మెషీన్లోనైనా తెలుగు తెలుగులాగే కనబడేలా చేసే యూనికోడ్ పద్ధతి మన వాడుకలోకి రాకముందు నుంచీ శుభలేఖలు, కరపత్రాలు, ఊరి పత్రికలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు వాటిమీదే తయారవుతున్నాయి. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన పద్ధతి. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట గజిబిజి గుర్తులు వస్తాయి. మావయ్య దగ్గర పదిహేనేళ్ల ఫైళ్లున్నాయి. అక్క పెళ్లికి కార్డు వేయించుకున్న ఇంటివాళ్లు తమ్ముడి పెళ్లికి వస్తే, ఆ పాత ఫైలే తీసి, తాతగారి పేరు ముందు 'కీర్తిశేషులు' చేర్చి, వధూవరుల పేర్లు మార్చి గంటలో ప్రూఫ్ ఇస్తాడు. ఆయన దగ్గరున్న పాత పేజ్‌మేకర్ కాపీ, పాత ప్రింటరు, ఆ విండోస్ 7 ఒకదానికొకటి అలవాటు పడిపోయాయి. దాన్ని కదిపితే షాపు వారం మూతపడుతుంది.

అంటే తెలుగులో శుభలేఖ వేసే పనే ఆయన్ని పాత బ్రౌజర్‌కి కట్టిపడేసింది. మీ లెక్కల్లో ఆయన 'పాత వెర్షన్ వాడకందారు'. అంతకు మించి మీకు కనబడే దారి లేదు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఫోన్ల సంగతి ఇంకా ఘోరం. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్న ఫోన్లకి క్రోమ్ 138తో ఆఖరు. ఆ ఫోన్లలో బ్యాటరీ ఉంది, తెర బాగుంది, కాల్ మోగుతుంది. కొత్త ఆండ్రాయిడ్ ఇవ్వడం మానేసింది ఫోన్ తయారుచేసిన కంపెనీ. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. భద్రత కోసం ఉండే టీపీఎం 2.0 అనే చిప్పు, కొత్త తరం ప్రాసెసరు లేకపోతే విండోస్ 11 ఎక్కదు. అంటే 2016లో మంచి రేటు పెట్టి కొన్న కంప్యూటర్లు కూడా ఇంకొన్నేళ్లలో మావయ్య విండోస్ 7 పక్కన చేరతాయి.

మీ వైపు నుంచి వచ్చే గట్టి వాదన ఒకటుంది: పాత బ్రౌజర్‌లో డబ్బు కట్టడం ప్రమాదం. ఒప్పుకుంటాను. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణాలే చెల్లింపు వివరాల్ని రహస్యంగా పంపే పాత పద్ధతి టీఎల్ఎస్ 1.0ని 2018 జూన్ 30లోగా వదిలేయమన్నాయి. మంచి పని. నిజంగా ప్రమాదమైతే ఆపండి, కారణం చెప్పి ఆపండి, వస్తువు ఇంటికొచ్చాక డబ్బు కట్టే దారి చూపండి. ఎక్కువ రేటు తీసుకుని అదే దారిన పంపితే ఆ ప్రమాదం ఒక్క పైసా కూడా తగ్గదు.

ప్రమాదం కాదు, అదనపు శ్రమ అంటారా? 2012లో అయితే అది శ్రమే. క్రోమ్ 109 ఆ ఏడో వెర్షన్ లాంటిది కాదు. పెట్టెల్ని వరసలో నిలబెట్టే కొత్త పద్ధతులు దానికి వచ్చు, గ్రిడ్ వచ్చు, ఫ్లెక్స్ వచ్చు, మన నక్షత్రం గుర్తులు అక్కర్లేదు. పేజీ సరిగ్గా రాస్తే దానికోసం విడిగా చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు. ఉన్న కాస్త శ్రమ కూడా దుకాణం నడిపే ఖర్చులో భాగమే. మావయ్య షాపుకి పింఛను ఫారం పట్టుకుని ముసలివాళ్లు వస్తారు. అక్షరాలు కనబడవంటే ఆయనే చదివి, అడిగి, నింపిపెడతాడు. పది నిమిషాలు పడుతుంది. జిరాక్స్ రేటు మాత్రం కళ్లు బాగున్న కుర్రాడికి ఎంతో వాళ్లకీ అంతే.

ఇంకో సంగతి డెవలపర్లకే బాగా తెలుసు. అవతలివాళ్ల బ్రౌజర్ ఏదో మనకు తెలిసేది అది పంపే యూజర్ ఏజెంట్ అనే ఒక వాక్యం ద్వారా. దాన్ని మార్చడం పిల్లల ఆట. కాస్త తెలిసినవాడు బ్రౌజర్‌కి ఎక్స్‌టెన్షన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి తగిలించుకుని ఆ వాక్యం మార్చి తప్పించుకుంటాడు. తెలియనివాడే కడతాడు. బ్రౌజర్‌ని బట్టి వేసే ఏ రుసుమైనా చివరికి తెలియనితనం మీదే పడుతుంది.

కోగన్ విషయంలో ఒక మంచి మాట చెప్పకపోతే అన్యాయం. వాళ్లు దాచలేదు. ఎంత వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో, ఎలా తప్పించుకోవచ్చో బిల్లు దగ్గరే చెప్పారు. దాచి చేసే పని అంతకంటే చెడ్డది. 2000లో అమెజాన్ ఒకే డీవీడీని వేర్వేరు వాళ్లకి వేర్వేరు రేట్లకి చూపించి దొరికిపోయింది. అది యాదృచ్ఛికంగా చేసిన పరీక్ష అని, పొరపాటేనని జెఫ్ బెజోస్ ఒప్పుకుని, 6,896 మందికి సగటున 3 డాలర్ల 10 సెంట్లు వెనక్కి ఇచ్చారు. కోగన్ ప్రకటన వచ్చిన ఆ 2012 జూన్‌లోనే, ఆర్బిట్జ్ అనే ప్రయాణాల సైటు ఆపిల్ మ్యాక్ కంప్యూటర్ల వాళ్లకి ఖరీదైన హోటళ్లు ముందు చూపిస్తోందని అమెరికాలో పెద్ద చర్చ అయింది. ఒకే గదికి రెండు రేట్లు పెట్టలేదని ఆ కంపెనీ చెప్పుకుంది. మన దగ్గర 2025 జనవరిలో, ఒకే ప్రయాణానికి ఐఫోన్‌లో ఒక రేటు, ఆండ్రాయిడ్‌లో ఒక రేటు కనిపిస్తోందన్న ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఊబర్‌లకి నోటీసులిచ్చింది. ఫోన్‌ని బట్టి రేటు మార్చడం లేదని రెండు కంపెనీలూ అన్నాయి. అందులో నిజానిజాలు తేల్చడం నా పని కాదు. కానీ అంతమందికి ఆ అనుమానం వచ్చిందంటేనే, తెర మీద కనబడే అంకె మీద మనుషులకి నమ్మకం ఎంత పలచబడిందో చూడండి.

సంతలో బేరం ఉండదా, అక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో రేటు కాదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఉంటుంది. కానీ అక్కడ వంకాయల బుట్ట ముందు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. పక్కావిడకి ఎంతకిచ్చావో నా చెవికి వినబడుతుంది. ఎక్కువనిపిస్తే లేచి పోతాను, వెనక్కి పిలుస్తుంది. మీ పేజీలో మావయ్యకి పక్కవాడి రేటు కనబడదు. ఆ రోజు కనబడింది నేను పక్కన కూర్చున్నాను కాబట్టే.

2020 నాటి ఈ-కామర్స్ నియమాలు, ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదని, వాళ్ల హక్కులకి భంగం కలిగేలా ఇష్టమొచ్చినట్టు వర్గాలుగా విడదీయకూడదని చెబుతున్నాయి. కంప్యూటర్ వయసుని బట్టి కొనేవాళ్లని విడదీయడం నా దృష్టిలో అలాంటిదే. 2023 నవంబర్ 30న వచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు పద్ధతుల్ని పేర్కొన్నాయి. చివరి మెట్టు దాకా అసలు రేటు చెప్పకుండా కొంచెం కొంచెం కలుపుతూ పోవడం అందులో ఒకటి. బ్రౌజర్‌ని బట్టి రేటు అనే మాట మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు, చేస్తాను కూడా. అయినా ముందు మిమ్మల్నే అడగాలనిపించింది, ఎందుకంటే ఇది మీరు ఒక్క మధ్యాహ్నం కూర్చుని మార్చగలిగిన పని. ఇప్పుడే అడగడానికి ఇంకో కారణమూ ఉంది: చిన్నగా మొదలైన రుసుము చిన్నగానే ఉండిపోదు. ఆహారం తెచ్చిపెట్టే యాప్‌ల ప్లాట్‌ఫారం రుసుము 2023లో 2 రూపాయలతో మొదలైంది. రెండేళ్లు తిరిగేసరికి 10 దాటింది.

మీకు చేతకాని పనేమీ అడగడం లేదు. 2015 మేలో మింత్ర వెబ్‌సైటు మూసేసి యాప్ మాత్రమే అంది, మరుసటి ఏడాది జూన్‌లో మళ్లీ వెబ్‌సైటు తెరిచింది. ఫ్లిప్‌కార్ట్ ఫోన్ బ్రౌజర్‌లోని సైటు ఆపేసి, 2015 నవంబర్‌లో ఫ్లిప్‌కార్ట్ లైట్ పేరుతో తేలికైన సైటుగా తిరిగి తెచ్చింది. బెంగళూరులో కూర్చున్న మన ఇంజనీర్లే చేశారు ఆ పని.

నేను అడిగేది ఇది. ఒక వస్తువుకి, ఒక అమ్మకందారుకి, ఒక పిన్‌కోడ్‌కి ఒకటే రేటు ఉండనివ్వండి, ఏ మెషీన్లో తెరిచినా సరే. యాప్ పెట్టుకున్నవాళ్లకి ఏదైనా ఇవ్వాలనుకుంటే ఇంకో రకంగా ఇవ్వండి, వస్తువు రేటులో కాదు. అది ఇప్పుడే కుదరదంటే, కనీసం వెబ్ పేజీలో రేటు పక్కనే యాప్ రేటు కూడా కనబడేలా పెట్టండి, ఎంత ఎక్కువ కడుతున్నాడో కొనేవాడికి తెలుస్తుంది. పాత బ్రౌజర్ల కోసం ఒక సాదా పేజీ ఉంచండి. బొమ్మ, పేరు, రేటు, పిన్‌కోడ్ పెట్టె, కొను అనే బటన్. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం చాలు, స్క్రిప్టు ఒక్క లైను లేకపోయినా పనిచేస్తుంది.

ఇక ఆ హెచ్చరిక. 'మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి' అని ఇంగ్లీషులో ఒక పసుపు పట్టీ వేసి ఊరుకుంటున్నారు. మావయ్య ఆ పట్టీని ప్రకటన అనుకున్నాడు. తెలుగులో చెప్పండి. ఏం చేయాలో కూడా చెప్పండి. విండోస్ 7 మీద క్రోమ్ ఆగిపోయిన తర్వాత కూడా చాలాకాలం ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్, అంటే ఎక్కువకాలం మద్దతిచ్చే, వెర్షన్‌కి భద్రతా సవరణలు వచ్చాయి. ఆ రోజు మావయ్య కంప్యూటర్లో అదే ఎక్కించాను. పేజ్‌మేకర్ కదల్లేదు, ఫాంట్లు కదల్లేదు. టీ వచ్చేలోపు అయిపోయింది. ఫైర్‌ఫాక్స్ ఎక్కించుకోమన్న ఆ ఒక్క వాక్యం మీ పేజీలో ఉండుంటే ఆయన ఏడాది ముందే ఎవరో కుర్రాడిచేత ఎక్కించుకునేవాడు. ఆ వాక్యం తెలుగులో రాసివ్వడానికి, సాదా పేజీ తయారుచేసి పాత మెషీన్ల మీద పరీక్షించి పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. డబ్బు అక్కర్లేదు.

టోనర్ మూడో రోజున చేరింది. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను. డెలివరీ అబ్బాయి షాపు ముందు నిలబడి నా పేరు పిలిచాడట. మావయ్య నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, ఓటీపీ నీకొచ్చిందట, చెప్పు" అన్నాడు. ఆఫీసులో మీటింగ్ మధ్యలో లేచి బయటికొచ్చి నాలుగంకెలూ చెప్పాను. ముప్ఫై ఏళ్లుగా సొంతంగా షాపు నడుపుతున్న మనిషి, తన డబ్బుతో, తన షాపుకి, తన ప్రింటర్‌కి టోనర్ తెప్పించుకోవడానికి నా పేరు వాడుకోవాల్సి వచ్చింది.

వచ్చే శ్రావణమాసం ముహూర్తాలకి ఆయనకి మళ్లీ టోనర్ కావాలి. ఈసారి ఆయన పేరు మీద, ఆయన కంప్యూటర్ నుంచి, నాకు చూపించే రేటుకే ఇప్పించండి.

ఇట్లు,
మీ తోటి వెబ్ డెవలపర్,
హైదరాబాద్